సముద్రం ఒడ్డున ఆమె పేర ఒక వారం

కిరండూల్ లైనులో అర్జీ రాయించుకోవాలంటే నా దగ్గరికే వచ్చేవారు. బదిలీ, సెలవు, పెన్షను, పిల్లవాడి స్కూలు సీటు, ఆఖరికి అలిగి పుట్టింటికి పోయిన భార్యను పంపమని మామగారికి రాయాల్సిన ఉత్తరమైనా సరే. నేను రాసిన కాగితం వెనక్కి రాదని పేరు పడింది. వినగా వినగా నేనూ నమ్మాను. నమ్మకుండా ఉంటే ఒక మనిషికి మేలు జరిగేది.

రైల్వేలో ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తాగా చేరి, అదే బల్ల ముందు ముసలివాణ్ణయి బయటికొచ్చాను. నా గురించిన మంచి సంగతులన్నీ రిటైర్మెంటు సభలో మిగతావాళ్ళు చెప్పారు. మెడలో దండ వేసుకుని బుద్ధిగా విన్నాను. ఇది ఆ సభలో ఎవరూ చెప్పని సంగతి. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్ళలో కొందరు ఇంకా నాకు రోజూ ఎదురుపడతారు.

అవి గనులు జోరుగా నడుస్తున్న రోజులు. కొండ మీద ఇనుపరాయి తవ్వడం, కింద వ్యాగన్లలో నింపడం, విశాఖపట్నం రేవుకు తోలడం. ఉతికి ఆరేసిన పంచె సాయంత్రానికి ఇటుకరంగు తేలేది. స్టేషన్ల పక్క క్వార్టర్లలో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలే ఎక్కువ. హిందువులం, క్రైస్తవులం ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు. రామమందిరానికీ చర్చికీ మైకుసెట్టు ఒక్కటే. శ్రీరామనవమికి వాళ్ళు మోసుకొచ్చి ఇచ్చేవారు, క్రిస్మస్‌కి మేం మోసుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం ఆ స్నేహం ఎటు పోయేదో తెలిసేది కాదు.

సెలవుల కంపెనీ ఒకటి మా లోయలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. గని టౌన్‌షిప్‌లో హాలు అద్దెకు తీసుకుని, సమోసా టీ ఇచ్చి, విశాఖ దగ్గర సముద్రం ఒడ్డున కట్టిన ఇళ్ళ బొమ్మలు తెర మీద చూపించారు. కొనేది ఇల్లు కాదు, ఆ ఇంట్లో ఏడాదికి ఒక వారం. ఆ వారం పాతికేళ్ళపాటు మీది, వంటగదితో సహా. దాన్ని టైమ్‌షేర్ అన్నారు. ఫోర్‌మన్లు, పెద్ద డంపర్లు నడిపేవాళ్ళు బోనసు చేతిలో పడగానే కొనేశారు. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి రిటైరయ్యేవాళ్ళు, బదిలీ అయ్యేవాళ్ళు వాటిని అమ్మకానికి పెట్టారు. క్యాంటీన్ నోటీసు బోర్డు మీద పాత స్కూటరు, దాని కింద కుట్టుమిషను, దాని కింద సముద్రం ఒడ్డున వారం. కంపెనీ చెప్పిన ధర పెట్టలేనివాళ్ళు ఇలా చేతులు మారినవి సగానికి కొనేవారు. పాతవాడూ కొత్తవాడూ కలిసి సంతకాలు పెట్టి పంపితే కంపెనీ పేరు మార్చేది. మొదటివాడికున్న హక్కులన్నీ రెండోవాడికీ దక్కేవి. కావలసిన వారం అడగొచ్చు. ఆరుగురి వరకూ ఎవరినైనా వెంట తీసుకెళ్ళొచ్చు.

ఆగస్టులో ఒక సాయంత్రం మా సెక్షన్ కీమాన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రోజూ సుత్తీ పానా భుజాన వేసుకుని మైళ్ళకొద్దీ పట్టాల వెంట నడిచి, వదులైన కీలు బిగించేవాణ్ణి కీమాన్ అంటారు. అంత ఒంటరి నడక నడిచేవాళ్ళకు మాట్లాడే అలవాటు తక్కువ.

"బాబుగోరూ, ఓ కాయితం రాసిపెట్టాల. సెలవుల కంపెనీ వారం ఒకటి కొంతన్నాం, మా ఆవిడి పేర్న" అన్నాడు.

"నీ పేరున కొనుక్కోరాదూ? రైలు పాసులు నీ పేరునే ఉంటాయి, సులువు."

"నా పేర్న కొంటే ఆ ముసలాయన రాడండి."

ముసలాయన ఎవరో నాకు తెలుసు. ఆమె తండ్రి మా లైనులోనే మేస్త్రి. సొరంగాల గోడలు కట్టినవాడు. ఆయన పెన్షను కాగితాలు నేనే తయారుచేశాను. చర్చిలో సంఘపెద్ద, మాటంటే మాటే. కూతురు హిందువుల కుర్రాణ్ణి చేసుకుందని పన్నెండేళ్ళ కిందట ఆమెతో మాట మానేశాడు. రిటైరై విజయనగరం దగ్గర సొంత ఊరికి పోయాడు. నీకెందరు పిల్లలని ఎవరైనా అడిగితే ఇద్దరు కొడుకులని చెప్పేవాడట. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పాడు. ఆమె రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ వేసవిలో ఊరి నుంచి వచ్చిన మనిషితో మాత్రం ఒక మాట పంపాడు.

"ఏటన్నాడంటే, నీ మొగుడి గుమ్మం నాను తొక్కను, నా గుమ్మం నువ్వు తొక్కొద్దు. నీ పేర్న ఇల్లంటూ ఉంటే సెప్పు, వొస్తాను అన్నాడంట" అని కీమాన్ చెప్పాడు.

ఆమెకు ఇల్లు లేదని తెలిసే అన్న మాట అది. క్వార్టరు భర్త పేరున, రైల్వేది. ఆమె మాత్రం ఆ మాటను రమ్మని పిలిచినట్టే తీసుకుంది. కాగితం మీద తన పేరుండాలి. క్రిస్మస్ వారంలో తండ్రిని అక్కడికి పిలవాలి. తన వంట తినిపించాలి. లాడ్జిలో గది తీసుకుని కలవచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను.

"లాడ్జీ ఎవుడి పేర్న ఉంటదండి? డబ్బిచ్చినోడిది. మా నాన ఇల్లన్నాడు" అంది ఆమె, మర్నాడు తనే వచ్చి. సన్నగా, పొడుగ్గా తండ్రి పోలిక. సొరుగు తీసి తెల్లకాగితం బల్ల మీద పెట్టాను.

అమ్మేది గనిలో ఫోర్‌మన్. భోపాల్‌పట్నం మనిషి, ఆ ఏడే రిటైరై ఊరికి పోతున్నాడు. బేరం అయ్యాక ఒక ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏందో కంపెనీ లెటరు వచ్చింది సార్, జర చూడండి. ఒకటో తారీఖు నుంచి రూల్సు మారుతయంట. చేతులు మారినవాటికి కొత్త షరతులంట. తొమ్మిది రోజులున్నయ్, ఈలోపు పంపియ్యాలె."

ఉత్తరంతోపాటు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో షరతుల కాగితాలు కొన్ని ఉన్నాయి. వారాల ఎంపిక గురించి ఉన్న పేజీ మాత్రం చదివాను. మిగతావి తిరగేసి పక్కన పెట్టాను. చేతులు మారిన సభ్యత్వానికి ఇకమీదట పండగ వారాలు ఇవ్వరని అందులో ఉంది. మా అర్జీ ఒకటో తారీఖు కంటే ముందుది కదా, మనకెందుకు అనుకున్నాను. మా ఆఫీసు పద్ధతి అది. ఇద్దరు ఉద్యోగులు ఒకరి స్టేషనుకు ఒకరు మారాలనుకుంటే ఉమ్మడి అర్జీ పెడతారు, మ్యూచువల్ అంటాం. దాని మీద సంతకాల తేదీయే తేదీ. తర్వాత ఎన్ని సర్క్యులర్లు వచ్చినా ఆ అర్జీని తాకవు. సముద్రం ఒడ్డున వారాన్ని కూడా నేను మ్యూచువల్ బదిలీ లాగే చూశాను. అదే నమూనాలో రాశాను, అదే మార్జిను వదిలాను. చాలా అందంగా వచ్చింది.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. రైల్వే మెడికల్ కార్డులో ఆమెకు అత్తగారు పెట్టిన పేరు ఉంది. బడి సర్టిఫికెట్టులో బాప్తిస్మం పేరు. కాగితం మీద తండ్రి పెట్టిన పేరే ఉండాలని ఆమె కోరిక. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ ముందు ప్రమాణపత్రం లేకపోతే అర్జీ నిలవదని నేను చెప్పాను. దంతెవాడ పోయాం. మొదటి రోజు నోటరీ లేడు, జగదల్‌పూర్ కోర్టుకెళ్ళాడు. రెండో రోజు స్టాంపు కాగితం అయిపోయింది. ఆ మధ్యాహ్నం తిరుగు జీపు కోసం నిలబడి ఉండగా ఆమె మెల్లిగా అంది.

"బాబుగోరూ, ఏ పేరైనా పరవానేదు. కార్డులో పేరే రాసి బేగి పంపీయండి. నాను నానకి సెప్పుకుంటాను."

"తొందరపడితే తర్వాత నువ్వే బాధపడతావమ్మా. కాగితం ఒకసారి తప్పుపోతే సరిదిద్దడం కష్టం" అన్నాను.

పెద్దమనిషి మాట అని ఆమె ఊరుకుంది. మూడో రోజు నోటరీ దొరికాడు. నా ముసాయిదా చూసి, "బఢియా లిఖా హై బాబూజీ" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలచుకుంటూ జీపులో తిరిగొచ్చాను. ఈ వయసులో ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఇంకా ఆరు రోజులున్నాయి. రిజిస్టరు పోస్టయితే బస్సులో జగదల్‌పూర్ మీదుగా నాలుగు రోజుల్లో చేరేది. నేను పోస్టాఫీసుకు పోలేదు. మాకు ఆఫీసు సంచీ ఉంది. స్టేషన్ల కాగితాలన్నీ ఆ గుడ్డ సంచీలో వేసి, లక్క ముద్ర కొట్టి, ప్యాసింజరు గార్డుకిస్తే మర్నాటికి విశాఖలో మా వాల్తేరు ఆఫీసుకు చేరుతుంది. అక్కడ నాతోపాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడు కంపెనీ ఆఫీసులో చేత్తో ఇచ్చి రసీదు తీసుకుంటాడు. సొంత కాగితాలు అందులో వేయకూడదు. అందరం వేసేవాళ్ళం. ఊరగాయ జాడీలు కూడా వెళ్ళేవి. రైల్వేవాడు పోస్టాఫీసులో వరస కట్టడం మాకు నామోషీ.

మా పెద్ద గుమాస్తా బిలాస్‌పూర్ మనిషి. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. నేను కవరు సంచీలో వేస్తుంటే కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"యే రైల్వే కా కామ్ నహీ హై. డాక్ సే భేజో" అన్నాడు.

"పోస్టు కంటే మన బండే ముందు చేరుతుంది సాబ్" అన్నాను. ఆయన మళ్ళీ తన ఫైల్లోకి తలవంచాడు.

ఆ రాత్రి తూర్పు కనుమల్లో వాన కురిసి, ఘాట్‌లో సొరంగం ముందు బండరాళ్ళు పట్టాల మీద పడ్డాయి. బళ్ళు నిలిచిపోయాయి. మా సంచీ కోరాపుట్ పార్సిలు గదిలో ఆగింది. రోజుకు రెండుసార్లు బళ్ళ కంట్రోలు ఆఫీసుకు ఫోను చేసేవాణ్ణి. ఇవాళ సాయంత్రం, రేపు ఉదయం అంటూ వారం గడిచింది. కీమాన్ పట్టాల నడక ముగించుకుని వస్తూ కిటికీలోంచి నా మొహం చూసి, ఏమీ అడగకుండా పోయేవాడు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది. సంచీ వాల్తేరు చేరింది నాలుగో తారీఖున.

కాగితం మీద మేం సంతకం పెట్టిన తేదీని కంపెనీ చూడలేదు. తమకు అందిన తేదీ చూసింది. పేరు మార్చారు, తండ్రి పెట్టిన పేరే, ఒక్క అక్షరం తప్పు లేకుండా. దాని కింద ఎర్ర సిరాతో 'రీసేల్ సభ్యత్వం' అన్న ముద్ర. క్రిస్మస్ వారం రాదు, పై ఏడు జులైలో ఒక వారం ఇస్తామన్నారు. సభ్యత్వాన్ని అయిదేళ్ళదాకా ఎవరికీ అమ్మకూడదు. నేను కంపెనీకి మూడు అర్జీలు రాశాను. బండరాళ్ళు పడినట్టు స్టేషను మాస్టరు చేత సర్టిఫికెట్టు కూడా రాయించి జతపరిచాను. మూడింటికీ ఒకే అచ్చు జవాబు వచ్చింది.

మా టౌన్‌షిప్‌లో ఇలా ఇరుక్కున్నవాళ్ళు చాలామంది. నోటీసు బోర్డు మీద వారాలకు ధర పడిపోయింది. కొత్త షరతులతో కొనేవాడు లేడు, ఉన్నవాడు వదిలించుకోలేడు. జులై వానలో సముద్రం చూడ్డానికి బస్తర్ నుంచి ఎవరు పోతారు? ఒక డంపరు డ్రైవరు తన కాగితానికి చట్రం కట్టించి గోడకు తగిలించాడు. అడిగినవాళ్ళకు, మా సముద్రం ఇదేనని చూపించేవాడు. నవ్వేవాళ్ళం. కీమాన్ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

"జులై అయితే ఏటండి? వానొస్తే లోపల కూకుంటాం" అని ఆమె తండ్రికి ఉత్తరం రాసింది. తన పేరున్న కాగితం నకలు నా చేతే తీయించి జతచేసింది. తండ్రి నుంచి కార్డు వచ్చింది. పన్నెండేళ్ళలో మొదటిది. 'వచ్చెదను' అన్న ఒక్క మాట, కింద తేదీ. ఆ కార్డు పట్టుకుని క్వార్టర్ల వరస మొత్తం తిరిగింది. మా ఇంటికొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, చదవమని కూర్చుంది. ఆ రోజు నేను పెట్టిన నష్టమంతా పూడిపోయిందనుకున్నాను.

జులైలో ఆ వారానికి నాకూ వాల్తేరులో ఆఫీసు పని పడింది. పడింది అంటున్నాను గాని నేనే పెట్టించుకున్నాను. ఆ ముసలాయన లోపలికి అడుగు పెట్టడం కళ్ళారా చూడాలని. మధ్యాహ్నం సెలవు పెట్టి, చంకలో ఫైలుతో బస్సెక్కి వెళ్ళాను. కంపెనీ ఆమెకిచ్చిన సభ్యత్వ కార్డులో కుటుంబం అన్నచోట భర్త, పిల్లల పేర్లే ఉన్నాయని బయల్దేరే ముందే గమనించాను. తండ్రి పేరు చేర్చవలసిందిగా ఒక అర్జీ రాసి ఫైల్లో పెట్టుకున్నాను. మా మెడికల్ కార్డుల్లో అర్జీ పెడితే పేర్లు చేరుస్తారు, ఇదీ అంతేననుకున్నాను. చదవకుండా పక్కన పెట్టిన పేజీలు అప్పుడైనా చదవలేదు.

సన్నగా జల్లు పడుతోంది. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. కీమాన్ మామగారిని తీసుకురావడానికి స్టేషనుకు పోయాడని చెప్పాడు. ఆమె లోపల సముద్రం వైపున్న ఆఖరి వరసలో ఉంది, వంట చేస్తోంది. నేను లోపలికి వెళ్ళబోతుంటే రోడ్డు మీద ఆటో ఆగింది. తెల్లచొక్కా, తెల్లపంచె, భుజాన గుడ్డసంచీ. మేస్త్రి రైలు దిగలేదు, పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాడు. అల్లుడు ఎదురొచ్చి తీసుకెళ్ళడం ఇష్టం లేదేమో. సగానికి సగం అయిపోయాడు. ఆటో నుంచి గేటు దాకా పది అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగాడు. నన్ను చూసి గుర్తుపట్టి తల ఊపాడు.

"ఎవరి కోసమండీ?" అన్నాడు వాచ్‌మన్.

ఇంటి నంబరు చెప్పాడు మేస్త్రి. వాచ్‌మన్ పుస్తకం తెరిచాడు.

"ఆవిడకి మీరేమవుతారు?"

మేస్త్రి వెంటనే చెప్పలేదు. నా వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. ఆయాసం తగ్గడానికి ఆగాడని మొదట అనుకున్నాను. ఆయాసం కాదు. గొంతు తగ్గించి చెప్పాడు.

"తండ్రిని."

వాచ్‌మన్ కార్డు నకలు తీసి వేలితో చూసుకున్నాడు. "భర్త, ఇద్దరు పిల్లలు. తండ్రని లేదండి. వీళ్ళది రీసేలు కదా, బయటివాళ్ళని పంపకూడదు. మొదట్లో కొన్నవాళ్ళకైతే ఎవరొచ్చినా పంపుతాం."

"బయటోడినా?" అన్నాడు మేస్త్రి. కోపంగా అనలేదు, తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగాడు.

ఇక్కడ నేను చేయవలసిన పని ఒక్కటే. లోపలికి పరిగెత్తి, ఆ ఆఖరి వరసకు పోయి, అమ్మా, మీ నాన్న వచ్చాడు, గేటు దగ్గరికి రా అని చెప్పడం. నాలుగు నిమిషాల దూరం. కూతురు ఎదురొచ్చి ఉంటే వాచ్‌మన్ పుస్తకం, కార్డు ఏవీ లెక్కలోకి వచ్చేవి కావు. ఇద్దరూ రోడ్డు మీదే నిలబడి ఏడ్చుకునేవారు. అదైనా దక్కేది. నాకు ఆ ఆలోచన రాలేదు. చంకలో ఫైలుంది, ఫైల్లో అర్జీ ఉంది.

"కూర్చోండి మేస్త్రిగారూ, అయిదు నిమిషాలు. మేనేజరు చేత రాయించుకొస్తాను" అన్నాను.

నేను నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఆయన మాట వినబడింది.

"తండ్రి లెక్కలో లేడంటే నానెవుణ్ణీ కానులే బాబూ. మీరు ఇబ్బంది పడకండి."

విన్నాను. విని కూడా వెనక్కి తిరగలేదు. కాగితం మీద సంతకం పడితే ఆ మాటను ఆయనే వెనక్కి తీసుకుంటాడనుకున్నాను.

మేనేజరు చదువుకున్న కుర్రాడు, మర్యాదస్థుడు. నా అర్జీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత షరతుల పుస్తకం తీసి నేను చదవని పేజీ నా ముందు పెట్టాడు. చేతులు మారిన సభ్యత్వంలో కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్ళికాని పిల్లలు. అతిథులు లేరు, పేర్లు చేర్చడం లేదు.

"సెకండ్ హేండ్‌లో కొన్నవాళ్ళు వారాలను అద్దెకిచ్చుకుంటున్నారు సార్. ఎవరెవరో వచ్చి దిగుతున్నారు. అందుకే పెట్టారు" అన్నాడు.

"ఆయన అద్దెకు రాలేదు బాబూ, కూతురింటికి వచ్చాడు."

"నాకర్థమైంది సార్. నేను సంతకం పెడితే నా ఉద్యోగం పోతుంది. మీరూ ఉద్యోగస్తులే కదా."

ఆ మాటకు నేను ఊరుకోవాల్సింది. వాదించాను. బండరాళ్ళ సర్టిఫికెట్టు తీశాను, ప్రమాణపత్రం తీశాను, సంతకాల తేదీ చూపించాను. నా ముప్ఫై ఏళ్ళ విద్యంతా ఆ బల్ల మీద పరిచాను. గోడ గడియారం చూసేసరికి ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి.

గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

"వెళ్ళిపోయారండి. ఆటో వాణ్ణి ఆపే ఉంచారు" అన్నాడు వాచ్‌మన్. సంచీ కూడా పట్టుకుపోయాడట. అందులో ఒక చీర ఉన్నట్టు పైకి కనబడిందని చెప్పాడు.

అప్పుడు వెళ్ళి ఆమెకు చెప్పాను. చేపల పులుసు పొయ్యి మీద ఉంది. చేతులకు మసాలాతోనే చెప్పుల్లేకుండా గేటు దాటి రోడ్డు మీదకు పరిగెత్తింది. జల్లులో అటూ ఇటూ చూసింది. రెండు వైపులా ఖాళీ రోడ్డే. నేను ఫైలు తడవకుండా చొక్కాలో పెట్టుకుని ఆమె వెనక నిలబడ్డాను. అలా పెట్టుకున్నానని తర్వాత తెలిసింది. ఆ చెయ్యి నరుక్కోవాలనిపించింది.

"ఏటన్నాడు?" అని అడిగింది.

"మీరేమవుతారని వాచ్‌మన్ అడిగితే, తండ్రినన్నాడమ్మా."

"తండ్రినన్నాడా?"

"అన్నాడు."

"మీరిన్నారా?"

"నా చెవులతో విన్నాను."

రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. రెండో మాట నేను చెప్పలేదు.

కీమాన్ ఆ సాయంత్రమే ఊరికి పోయాడు. మేస్త్రి తలుపు తీయలేదు. "ఇంటికని పిలిచి గేటు కాడ నిలబెట్టిందని సెప్పు" అని లోపలి నుంచే అన్నాడట. కూతురు తను రాకుండా లోపల కూర్చుని, గుమాస్తాను తిప్పుతోందని ఆయన అనుకున్నాడు. ఆమెకు తెలియనే తెలియదని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్తూ రెండు ఉత్తరాలు రాశాను, చించకుండానే తిరిగొచ్చాయి. నేను రాసిన కాగితం వెనక్కి రాదని పేరున్నవాణ్ణి. ఇంకో రెండు నెలలకు ఆయన పోయాడు. సమాధుల తోటలో ఆమెను ఒక పక్కగా నిలబడనిచ్చారు. మట్టి వేయనివ్వలేదు.

పిల్లలూ, రూలు చదవమని చెప్పడానికి ఇదంతా రాయలేదు. చదవండి, అన్ని పేజీలూ చదవండి, అది ఎవరైనా చెప్తారు. నేను తెలుసుకున్నది వేరే. బల్ల ముందు ఏళ్ళ తరబడి కూర్చుంటే మనిషి కనబడగానే చెయ్యి కాగితం మీదకు పోతుంది. అది మంచి ఉద్యోగి లక్షణమని మెచ్చుకుంటారు, ప్రమోషను కూడా ఇస్తారు. గేటు దగ్గర మనిషి నిలబడి ఉన్నప్పుడు ఆ అలవాటు ఎంత చేటు చేస్తుందో చెప్పే శిక్షణ మాకెవరూ ఇవ్వలేదు. ఆ కుర్ర మేనేజరు నాకంటే చెడ్డవాడు కాదు. అతను తన కాగితం పట్టుకున్నాడు, నేను నాది పట్టుకున్నాను.

నా రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు కంపెనీ మరో ఉత్తరం పంపింది. రీసేల్ సభ్యులు ఇష్టమైతే సభ్యత్వం వదులుకోవచ్చు, తిరిగి ఏమీ రాదు గాని ఏటేటా కట్టే నిర్వహణ రుసుం తప్పుతుంది. కీమాన్ వచ్చి, వదిలేస్తున్నట్టు రాసిపెట్టమన్నాడు. అన్నేళ్ళలో ఆ ఇంటికి వాళ్ళు మళ్ళీ ఒక్కసారీ పోలేదు. ఈసారి షరతులన్నీ మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, నాలుగు వరసల్లో అర్జీ రాసి, సంతకం కోసం నేనే క్వార్టరుకు పట్టుకెళ్ళాను.

ఆమె తల సగం నెరిసింది. పెద్దపిల్ల పెళ్ళీడుకొచ్చింది. ఆమె కాగితం అందుకుని, చదవకుండానే నా ముందు పెట్టింది.

"ఒగ్గనండి" అంది.

"దేనికి పనికొస్తుందమ్మా? ఏడాదికోసారి డబ్బు దండగ."

"అవునండి. ఈయన అరుస్తన్నాడు కూడా. అయినా ఒగ్గను. పన్నెండేళ్ళు కూతురే నేదన్న మనిషి, ఆ గేటు కాడ తండ్రినన్నాడు. ఇంకెక్కడా అన్నేదు. మనోళ్ళలో ఇన్నది మీరొక్కరే."

మా ఇద్దరికీ మధ్య బల్ల మీద అర్జీ అలాగే ఉంది. ఆమె లోపలికి పోయి టీ తెచ్చి పెట్టింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుంది. కనబడినప్పుడల్లా అడిగేదే మళ్ళీ అడిగింది.

"తండ్రినన్నాక ఇంకేటన్నా అన్నాడా బాబుగోరూ?"

"లేదమ్మా. అంతే" అన్నాను.